ఆటాడి వచ్చిన పిల్లలకు ఏం పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒక్క విషయం మీదే వచ్చాయి: ఆటలాడే పిల్లలు, వాళ్లకు కావలసిన ప్రొటీన్. అడిగిన వాళ్లలో ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ వైపు వాళ్లే కాబట్టి ఆ ఊళ్లలో దొరికే తిండి లెక్కలోనే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు పదకొండేళ్లు, ఆరో తరగతి, బరువు 30 కిలోలు. బడి అయ్యాక ఆరున్నర దాకా కబడ్డీ, ఖోఖో ఆడతాడు. రాగానే చాయ్, నాలుగు బిస్కెట్లు తిని పడుకుంటాడు. తొమ్మిదింటికి అన్నానికి లేపితే లేవడు. ఆదివారం మాత్రం చికెన్ కడుపునిండా తింటాడు. ప్రొటీన్ ఎంత కావాలి, ఆడి వచ్చాక ఏం పెట్టాలి?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: ముందు లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక ప్రకారం 10–12 ఏళ్ల మగపిల్లలకు రోజుకు 31.8 గ్రాముల ప్రొటీన్ కావాలి. అది మామూలుగా తిరిగే పిల్లల లెక్క. రోజూ గంటకు పైగా చెమటోడ్చి ఆడే పిల్లలకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు చూసుకోవాలి. మీ బాబుకు 36 నుంచి 45 గ్రాములన్నమాట. నలభై అని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు వాడు ఎంత తింటున్నాడో చూద్దాం. పొద్దున గ్లాసు పాలు, ఉప్మాలో కలిపి 11 గ్రాములు రావచ్చు. మధ్యాహ్న భోజన పథకం లెక్కలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పూటకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్ అందాలి. అందులో 30 గ్రాముల పప్పు ఉంటుంది. కానీ పిల్లలు అడుగున ఉన్న పప్పు వదిలేసి పైన తేలే చారుతో అన్నం తినేసి ఆటకు పరుగెత్తుతారు. అలాగైతే 20కి బదులు 12 వస్తే గొప్ప. అంటే చాయ్ తాగే వేళకు 23 గ్రాములు. బిస్కెట్లు కలిపితే ఇంకో గ్రాము రెండు గ్రాములు. రాత్రి అన్నం మానేస్తే రోజు అక్కడితో సరి. పదిహేను గ్రాములకు పైగా తక్కువ పడుతోంది. పైగా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మర్నాడు పొద్దున దాకా సరైన తిండి లేదు, మధ్యలో గంటన్నర ఆట. అసలు సమస్య అక్కడుంది. కొత్త తిండి వెతకనక్కర్లేదు, ఆ సాయంత్రం ఖాళీ నింపండి.

ఆట అయ్యాక ఒక విడతకు కిలోకు 0.25 నుంచి 0.3 గ్రాముల ప్రొటీన్ చాలు. మీ వాడికి 8–9 గ్రాములు. దానితో పాటు అన్నమో రొట్టో బెల్లమో, శక్తినిచ్చేది ఏదో ఒకటి తప్పనిసరి. ఒట్టి గుడ్డు ఒక్కటే పెట్టి ఊరుకుంటే, ఖాళీగా ఉన్న ఒళ్లు ఆ ప్రొటీన్‌ను కండకు వాడకుండా పొయ్యిలో కట్టెలాగా మండించేస్తుంది. ‘రోజూ గుడ్డు పెడుతున్నా కండ పట్టట్లేదు’ అని రాసేవాళ్ల ఇళ్లలో జరుగుతున్నది చాలాసార్లు ఇదే.

బొబ్బెర గుడాలు దీనికి బాగా కుదురుతాయి. ఎండు బొబ్బర్లు 40 గ్రాములు, అంటే సగం టీ గ్లాసు. 9 గ్రాముల ప్రొటీన్, శక్తి రెండూ అందులోనే ఉన్నాయి. పొద్దున నానబెట్టి, సాయంత్రం కుక్కర్‌లో రెండు మూడు కూతలు రానిచ్చి, ఉల్లిగడ్డ, ఎండు మిరపకాయ పోపు పెట్టి, నిమ్మకాయ పిండండి. నానబెట్టిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికిస్తే కడుపుబ్బరం తగ్గుతుంది. శెనగలైతే ఎనిమిది గంటలు నానాలి, ఐదారు కూతలు కావాలి. గుడాలు కుదరని రోజు ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఒక జొన్నరొట్టె: ఆరు, ఐదు, మొత్తం 11 గ్రాములు. లేదా పెద్ద గ్లాసు పాలు, అరటిపండు. ఏమీ లేకపోతే పొద్దుటి అన్నంలో గట్టి పెరుగు కప్పు నిండా వేసి, చెంచాడు పల్లిపొడి కలిపి పెట్టండి. అదీ తొమ్మిది పది గ్రాములకు వస్తుంది.

ఇంటికి రాగానే పడుకునే పిల్లాడికి ఇంట్లో పెడదామని కూర్చుంటే లాభం లేదు, మైదానంలోనే తినేట్టు సంచిలో పెట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. పొద్దున ఉడికించిన గుడాలు డబ్బాలో పెడితే మన ఎండలకు సాయంత్రానికి జిగురెక్కి పులుస్తాయి. ఉడికించిన గుడ్డూ అంతే. సంచిలోకి పొడి తిండే మంచిది: పిడికెడు పుట్నాలు, పది పన్నెండు వేయించిన పల్లీలు, చిన్న బెల్లం ముక్క. 8 గ్రాములు వస్తాయి, రెండు రోజులైనా పాడవవు. రాత్రి భోజనం ఏడున్నరకు జరపండి. చాయ్ మానిపించండి, ఆ గ్లాసులో పాలే పోయండి.

ఇక ఆదివారం చికెన్. తిననివ్వండి. కానీ కొవ్వును దాచుకున్నట్టు ఒళ్లు ప్రొటీన్‌ను దాచుకోదు. ఆదివారం 200 గ్రాముల ముక్కలు తిన్నా అది బుధవారం ఆటకు పనికిరాదు. అదే కోడిని ఆదివారం సగం, మధ్యలో ఇంకో రోజు సగం వండితే ఖర్చు పెరగదు, పిల్లాడికి రెండు రోజులు కలిసొస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, 48 కిలోలు, వాలీబాల్ ఆడతాడు. ఆట ముగిసిన అరగంటలోపు ప్రొటీన్ పౌడర్ తాగకపోతే చేసిన ఎక్సర్‌సైజ్ అంతా వృథా అని కోచ్ చెప్పారట. కొనమంటారా?
– ఒక తండ్రి, కల్వకుర్తి

జవాబు: వద్దు.

అరగంట సంగతి ముందు. ఎక్సర్‌సైజ్ చేసిన కండ ప్రొటీన్‌ను బాగా వాడుకునే స్థితి దాదాపు ఒక రోజంతా ఉంటుంది. అరగంట దాటితే తలుపు మూసుకుపోదు. రెండు గంటలలోపు తినిపించమని మేం చెప్పేది వేరే కారణానికి. ఆలస్యమైతే పిల్లలు బజ్జీలు, కూల్‌డ్రింకుతో కడుపు నింపేస్తారు, లేదా పడుకుంటారు. నిజంగా తొందరపడాల్సిన సందర్భం ఒకటుంది: టోర్నమెంట్లో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఉన్నప్పుడు. అప్పుడు కూడా ముందు కావలసింది నీళ్లు, అరటిపండు, పెరుగన్నం.

మీ అబ్బాయికి ఆట తర్వాత ఒక విడతకు 14 గ్రాముల ప్రొటీన్ చాలు. డబ్బాతో వచ్చే ఒక్క స్కూప్‌లో 24, 25 గ్రాములు ఉంటాయి. మిగిలింది కండ కాదు. శక్తిగా ఖర్చవుతుంది, లేదా కొవ్వవుతుంది. దానిలోని నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది, అందుకు నీళ్లు ఎక్కువ కావాలి. మార్చి తర్వాత మన దగ్గర ఆ నీళ్లే కరువు. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి వెళ్లొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ‘మాస్ గెయినర్’ డబ్బాలైతే ఇంకా అన్యాయం. వాటిలో ఎక్కువ భాగం చక్కెర లాంటి పిండిపదార్థమే.

పాలల్లో కలిపే చాక్లెట్ పొడుల గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. వాటిని ‘హెల్త్ డ్రింక్’ విభాగంలో పెట్టి అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. ఆహార భద్రత చట్టంలో అసలు ఆ పేరుకు నిర్వచనమే లేదు. ఆ గ్లాసులో ప్రొటీన్ వచ్చేది పాల నుంచే, పొడి నుంచి కాదు.

ఇంట్లో చేసుకోవాలంటే: పావుకిలో పుట్నాలు, 50 గ్రాముల వేయించిన నువ్వులు, నాలుగు యాలకులు మిక్సీలో మెత్తగా పట్టండి. ఆగి ఆగి తిప్పండి, ఒకేసారి తిప్పితే నువ్వుల నూనె దిగి ముద్దవుతుంది. పెద్ద చెంచాలు రెండు నిండుగా తీసుకుంటే 25 గ్రాముల దాకా వస్తుంది, అందులో 5 గ్రాముల ప్రొటీన్. ముందు కొద్దిగా చల్లని పాలల్లో ఉండలు లేకుండా కలిపి, తర్వాత వేడి పాలు పోయాలి. నేరుగా వేడి పాలల్లో వేస్తే గడ్డలు కడుతుంది. 250 మిల్లీలీటర్ల బర్రె పాలతో కలిసి 14 గ్రాములు దాటుతుంది, మీ వాడికి సరిగ్గా సరిపోతుంది. తడి చెంచా పెట్టకుండా పదిహేను రోజుల్లో వాడేయండి. నూనె చెడిన వాసన వస్తే పారేయండి.

ప్రశ్న: మా ఇంట్లో గుడ్డు, మాంసం తినం. పాపకు పదమూడేళ్లు, 38 కిలోలు. పొద్దున ఐదున్నరకు స్టేడియంలో పరుగు, ఏడున్నరకు ఇల్లు, ఎనిమిదిన్నరకు బడి. ఈ మధ్య రెండు రౌండ్లకే ఆయాసపడుతోంది. పప్పు రోజూ పెడుతున్నాం, ప్రొటీన్ చాలట్లేదా?
– మహబూబ్‌నగర్

జవాబు: ఆయాసం అనగానే ముందు అనుమానించాల్సింది రక్తహీనతను, తర్వాతే ప్రొటీన్‌ను. ఈ వయసులో నెలసరి మొదలవుతుంది, ఎదుగుదల వేగంగా ఉంటుంది, పైన పరుగు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12–14 ఏళ్ల ఆడపిల్లలకు 12 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందా అడగండి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పరగడుపున వేసుకుంటే వికారం వస్తుంది, అందుకే చాలామంది పిల్లలు దాన్ని కిటికీ బయటికి విసిరేస్తారు. భోజనం అయ్యాక నీళ్లతో వేసుకోవాలి, చాయ్‌తో, పాలతో కాదు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు. పరీక్షలో తక్కువ వస్తే వారం మాత్ర చాలదు, డాక్టర్ చెప్పిన మోతాదు వాడాలి. నెలసరి మొదలయ్యాక మూడు నెలలు వరుసగా రాకపోతే అది కూడా చెప్పండి. ఖర్చుకు తగ్గ తిండి లేదని ఒళ్లు చెప్పే గుర్తుల్లో అదొకటి.

ఇక పప్పు. ఎంత వేస్తున్నారన్నది అసలు ప్రశ్న. మనిషికి పూటకు 30 గ్రాముల పచ్చి పప్పు పడితేనే 6–7 గ్రాముల ప్రొటీన్. నలుగురున్న ఇంట్లో టీ గ్లాసున్నర కందిపప్పు ఉడకాలి. చాలా ఇళ్లలో అరగ్లాసుతో గిన్నెడు పప్పుచారు అవుతుంది, పేరుకు పప్పే. తాండూరు కందిపప్పు వాడినా, నీళ్లు ఎక్కువైతే మేలు రకం వల్ల ఒరిగేది లేదు.

13–15 ఏళ్ల ఆడపిల్లలకు పట్టిక 43 గ్రాములు చెబుతుంది. పరుగు తీసే మీ పాపకు 45–50. ఇలా సర్దొచ్చు. పరుగుకు ముందు రెండు ఖర్జూరాలో సగం అరటిపండో, గ్లాసు నీళ్లు. ఖాళీ కడుపుతో పంపొద్దు. ఏడున్నరకు రెండు పెసరట్లు, వాటికి 50 గ్రాముల పెసలు పడతాయి, అందులోనే 12 గ్రాములు. పిండి ముందురోజు రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పదిహేను నిమిషాల పని. మధ్యాహ్నం డబ్బాలో గట్టి పుంటికూర పప్పు, అన్నం, పెరుగు. సాయంత్రం గుడాలు. రాత్రి జొన్నరొట్టెతో కూర, గ్లాసు పాలు. జొన్నలో, బియ్యంలో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది దండిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువైన మెథియోనిన్ ధాన్యంలో, నువ్వుల్లో దొరుకుతుంది. ఒకే ముద్దలో కలవాలనేం లేదు, రోజులో రెండూ పడితే చాలు.

వారానికి రెండుసార్లు మీల్‌మేకర్ వండండి. 25 గ్రాములకే 13 గ్రాముల ప్రొటీన్. పిల్లలు వాసనంటారు. ఉప్పు నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి, గట్టిగా పిండి, చల్లని నీళ్లలో వేసి మళ్లీ పిండితే ఆ వాసన పోతుంది. రెండోసారి పిండకపోవడం వల్లే చాలా ఇళ్లలో ఆ కూర మిగిలిపోతోంది.

భోజనం తర్వాత బత్తాయి తినిపించండి. విటమిన్ సి వల్ల ఆకుకూర, పప్పుల్లోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. పక్కనే నల్లగొండ తోటలున్నాయి, సీజన్‌లో కొరతేం ఉండదు. చాయ్ మాత్రం భోజనానికి గంట అటూ ఇటూ దూరం ఉంచండి.

ప్రశ్న: పచ్చి గుడ్డు పాలల్లో కొట్టి తాగితే బలమని మా పెద్దాయన మనవడికి రోజూ ఇస్తున్నారు. పచ్చసొన తీసేసి తెల్లసొన మాత్రమే ఇవ్వాలని ఇంకొకరంటారు.
– మిర్యాలగూడ

జవాబు: పెద్దాయనకు నచ్చజెప్పండి. ఉడికించిన గుడ్డులో ప్రొటీన్ పదింట తొమ్మిది పాళ్లు ఒంటబడుతుంది, పచ్చిదాంట్లో సగం చిల్లరే. పైగా సాల్మొనెల్లా క్రిమి వల్ల వాంతులు, విరేచనాలు రావచ్చు. మరుగుతున్న నీళ్లలో పది, పన్నెండు నిమిషాలు చాలు. ఎక్కువ ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తుంది, దానివల్ల హాని లేదు. పచ్చసొన పారేయొద్దు. గుడ్డులోని ప్రొటీన్‌లో నలభై శాతానికి పైగా అందులోనే ఉంది, ఐరన్, విటమిన్ ఎ, డి కూడా అక్కడే. తెల్లసొన పిచ్చి జిమ్ముల నుంచి వచ్చింది, పెరిగే పిల్లలకు అది వర్తించదు. నాటు గుడ్డు రుచి వేరు కావచ్చు, ప్రొటీన్‌లో పెద్ద తేడా లేదు. సైజు చిన్నది కాబట్టి కాస్త తక్కువే వస్తుంది.

ప్రశ్న: మాది పల్లి పండించే ఊరు. ఇంట్లో పల్లీలకు కొదవ లేదు. ఎక్కువ తింటే వేడి, పైత్యం అంటారు. ఆటకు వెళ్లే పిల్లలకు ఎన్ని పెట్టొచ్చు?
– అచ్చంపేట

జవాబు: రోజుకు పిడికెడు, అంటే 30 గ్రాములు. 7 గ్రాముల ప్రొటీన్, 170 కేలరీలు. బరువులో సగం దాకా నూనే కాబట్టి మెల్లగా అరుగుతుంది. ఆటకు ముందు తింటే కడుపు బరువుగా ఉండి పిల్లలు పరుగెత్తలేరు. ‘వేడి’ అని పెద్దలనేది చాలావరకు ఆ అరగని తనమే. ఆట అయ్యాక పెట్టండి, నీళ్లు తాగించండి. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలుగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి పెట్టండి. తిన్నాక పెదాలు వాచడం, దద్దుర్లు, పిల్లికూతలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మళ్లీ పెట్టొద్దు.

పల్లీల్లో భయపడాల్సింది వేడికి కాదు, బూజుకు. కోతకు ముందు వాన లేక బెట్ట పట్టినా, తీశాక కాయ సరిగా ఎండకపోయినా గింజలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. మంచి కాయ అమ్మేసి, ఏరివేతలో మిగిలిన నల్ల గింజ, ముడుచుకుపోయిన గింజ ఇంట్లో వాడుకోవడం చాలాచోట్ల అలవాటు. అది తిరగేయండి. రంగు మారినవి, పగిలి బూజు వాసన వచ్చేవి, నోట్లో వేస్తే చేదుగా ఉండేవి పిల్లల పళ్లెంలోకి రాకూడదు. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడేంత ఎండాకే గోనెసంచికి ఎత్తండి. సంచి నేలమీద కాకుండా చెక్క మీద ఉంచండి.

పల్లిపట్టీ ఇంట్లోనే చేయండి. 200 గ్రాముల పల్లీలు సన్నమంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు కలుపుతూ వేయించి, పొట్టు నలిపి చెరిగేయండి. 150 గ్రాముల బెల్లంలో రెండు మూడు చెంచాల నీళ్లు పోసి పాకం పట్టండి. చుక్క తీసి నీళ్లలో వేస్తే గట్టి ఉండ కావాలి, పళ్లెం మీద కొడితే టంగున మోగాలి. అంతకు ముందే దించితే పట్టీ పళ్లకు అంటుకుంటుంది, దాటితే చేదెక్కుతుంది. పల్లీలు కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో వెంటనే పరిచి, వేడి మీదే గీతలు పెట్టండి. పద్నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోదాంట్లో మూడున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఆట తర్వాత రెండు ముక్కలు, గ్లాసు మజ్జిగ.

ప్రశ్న: కబడ్డీ పోటీల్లో బరువు పరిమితి దాటాడని మా తమ్ముడిని (పదిహేనేళ్లు) రెండు రోజులు అన్నం మానమన్నారు. నీళ్లు కూడా తాగనివ్వకుండా స్వెటర్ వేసి పరుగెత్తించారు. కిలోన్నర తగ్గాడు. ఇది సరైనదేనా?
– నకిరేకల్

జవాబు: ప్రమాదకరం. తగ్గింది కొవ్వు కాదు, నీళ్లు. లీటరు చెమట పోతే కిలో తగ్గుతుంది, లీటరు నీళ్లు తాగితే అది తిరిగొస్తుంది. 50 కిలోల పిల్లాడికి కిలో నీళ్లు తగ్గితేనే పట్టు సడలుతుంది, ఆలోచన మందగిస్తుంది. కూతకు వెళ్లినవాడికి ఆ రెండే ఆయుధాలు. ఎండాకాలంలో స్వెటర్ వేసి పరుగెత్తిస్తే వడదెబ్బ తగిలి ప్రాణం మీదికి రావచ్చు. అన్నం మానేస్తే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది.

ఈ వయసులో పిల్లాడు ఎత్తు పెరుగుతూ ఉంటాడు, బరువు పెరగడం సహజం. పై విభాగంలో ఆడించడమే దారి. నిజంగా ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే పోటీకి ఆరు వారాల ముందే కూల్‌డ్రింకులు, బజ్జీలు, బేకరీ తిండి ఆపండి. వారానికి అరకిలోకు మించి తగ్గకూడదు. పప్పు, గుడ్డు, పాలు తగ్గించకండి. ఇప్పటికే నీరసంగా ఉంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మూత్రం ముదురు పసుపు రంగులో, తక్కువగా వస్తుంటే ఇంకా నీళ్లు చాలలేదన్నట్టు. టీ రంగులోకో ఎర్రగానో మారితే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: పన్నెండేళ్ల బాబుకు ఆడి వచ్చాక మోకాలి చిప్ప కింద నొప్పి. ప్రొటీన్ లోపమా?
– గద్వాల

జవాబు: కాదు. చిప్ప కింద ఎముక ఉబ్బుగా ఉండి, నొక్కితే నొప్పి పుడుతుంటే, అది ఎత్తు వేగంగా పెరిగే పిల్లల్లో తరచూ కనిపించే సమస్య. తొడ కండరం ఇంకా గట్టిపడని ఎముకను పదే పదే లాగడం వల్ల వస్తుంది. దూకుళ్లు, పరుగు కొన్ని వారాలు తగ్గించి, ఆడాక పదిహేను నిమిషాలు బట్టలో చుట్టిన ఐసు పెట్టి, తొడ ముందు కండరం సాగదీసే వ్యాయామం నేర్పండి. పాలు, గుడ్లు ఎంత పెంచినా ఈ నొప్పి తగ్గదు. మోకాలు మొత్తం వాచినా, జ్వరం ఉన్నా, రాత్రి నిద్రలో నొప్పితో లేస్తున్నా, కుంటుతున్నా ఎముకల డాక్టర్‌కు చూపించండి.